చింతపండు తగిలిన గిటార్

మొన్న దసరాకు, ఆయుధపూజ ముందురోజు, మా ప్రొద్దుటూరు ఇంటి పెరట్లో ఇత్తడి సామానంతా ముందేసుకుని చింతపండుతో తోముతుంటే నాకు నవ్వు ఆగలేదు. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏందక్కా, బిందెతో మాట్లాడుతాండావా?" అని అడిగింది. ఏం చెప్పను? చింతపండు పిప్పి చేతికి తగిలినప్పుడల్లా మా మేనమామ గిటార్ గుర్తొస్తుందంటే ఆమెకు నా మీద లేనిపోని అనుమానం వస్తుంది. అది అర్థం కావాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఆమెకేమో పొయ్యి మీద పాలున్నాయి. మీకు తీరిక ఉన్నట్టుంది కాబట్టి మీకు చెబుతాను.

మామ అంటే మా అమ్మకు చిన్న తమ్ముడు. మా వైపు మేనమామను చేసుకోవడం మామూలే కాబట్టి, నేను పుట్టినరోజే ఆయన పెళ్లాన్ని ఉయ్యాల్లో వేశామని ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవారు. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆయన పెళ్లి ఇంకొకరితో జరిగిపోయింది. ఆ రోజు నేను ఏమాత్రం బాధపడకుండా పంక్తిలో కూర్చుని లడ్డూలు తిన్నానని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే, లడ్డూలు చాలా బాగున్నాయి. మామ వాళ్లది రాజుపాలెం పక్కన పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలే ఆస్తి. మామకు మాత్రం గొర్రెల వెనక తిరిగే కాళ్లు ఉన్నాయి గానీ, చెవులు ఎప్పుడూ ఎక్కడ పాట వినిపిస్తే అక్కడ ఉండేవి.

పెళ్లికి ముందు ఒకసారి ఆయన పొట్టేళ్లను అమ్మడానికి లారీలో గుంతకల్లు వెళ్లాడు. అక్కడ రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు రిటైరై, ఏదో దూరదేశానికి వెళ్లిపోతూ సామాను వదిలించుకుంటున్నాడు. క్రిస్మస్ దగ్గరపడింది. ఆయనకు వెళ్లేముందు అందరినీ పిలిచి విందు చేయాలని ఉంది. మామకు ఆయన వరండాలో కుర్చీ మీద ఆనించి ఉన్న ఎర్ర కరెంటు గిటార్ మీద కన్ను పడింది. రెండు పొట్టేళ్లు అటు పోయాయి, గిటార్ ఇటు వచ్చింది. దాన్ని దేనిలో చుట్టాలో తెలియక తను కప్పుకునే కంబళిలోనే చుట్టి తెచ్చాడు. ఆ కంబళే ఇప్పటికీ దాని పెట్టె. మా తాత దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీన్ని కోస్తే ఎన్ని మాంసం కుప్పలొస్తాయిరా?" అని మాత్రం అడిగాడట. ఆ తరువాత నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మామకు సాధన చేసుకోవడానికి అంతకంటే మంచి నెల దొరకలేదు.

ఆ గిటార్ పండు మిరపకాయ రంగులో ఉండేది, అంచుల దగ్గర నల్లగా మారేది. తీగల కింద వెండిలా మెరిసే రెండు చిన్న పెట్టెలు, వాటి పక్కన ఒక స్విచ్. స్విచ్ ఒక పక్కకు వేస్తే ఒక పెట్టె పలుకుతుంది, ఇంకో పక్కకు వేస్తే ఇంకొకటి. ఇదంతా నాకు మొన్న మొన్న తెలిసిన విద్య. అప్పట్లో నాకు తెలిసిందల్లా దాన్ని ముట్టుకుంటే వీపు విమానం మోత మోగుతుందని. మామ ప్రొద్దుటూరులో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాడు. మైక్ సెట్టు పులివెందుల భాయ్‌ది. భాయ్ మాటకారి. ఆంప్లిఫయర్ ఆగిపోతే అది బాగయ్యేదాకా ఆయనే మైకు ముందు నిలబడి కబుర్లు చెప్పేవాడు, జనం పాటల కంటే వాటికే ఎక్కువ నవ్వేవారు.

పులివెందులలో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రా పెట్టారు. పెళ్లికూతురి చెల్లెలే మా అత్త. వంటల దగ్గర అప్పడాలు లెక్క చూస్తూ ఆ గిటార్ విన్నదట. "మనిషిని నేను యాడ చూసినా పాపా? పందిట్లో నుంచి ఆ గొంతు వస్తాండె. వెచ్చగా, పాలు కాగేటప్పుడు ఇల్లంతా వాసనొస్తాది చూడు, అట్లుండె. అది విని చేసుకుంటి" అని నాకు పెద్దయ్యాక చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడల్లా చివర్లో ఒక నిట్టూర్పు ఉండేది. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పెళ్లయ్యాక మొదటి దసరా వచ్చింది. కొత్త కోడలు పని చూపించాలి కదా. కొడవళ్లు, గొర్రెల కత్తెరలు, తూకం రాళ్లు, బిందెలు అన్నీ పెరట్లోకి చేరాయి. మామ ఆ పూట ఊళ్లో లేడు. సెలవులకు అక్కడికి పోయిన నేను చూసింది కడగడం కాదు, ఎండబెట్టడం. మిద్దె మీద చాప పరిచి, దాని మీద ఒక పక్క వడియాలు, ఒక పక్క గిటార్. దాని వెండి పెట్టెలు రెండూ కళ్లు మిరుమిట్లు గొలిపేలా తళతళలాడుతున్నాయి. వడియాలకు కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టారు, గిటార్ కూడా నా బాధ్యతలోకే వచ్చింది. సాయంత్రానికి అత్త దానికి నిండుగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. మామ వచ్చి చూసి అలాగే నిలబడిపోయాడు. "తడిగుడ్డతో తుడిచినా, అంతే" అంది అత్త, ఎవరూ అడగకముందే.

మరునాడు విజయదశమి. బొట్టు పెట్టిన పనిముట్టు మరునాడు పని మొదలుపెట్టాలనేది మా ఇళ్లలో నియమం. మామ తీగ మీటగానే ఆ పాలవాసన గొంతు రాలేదు. కీచుమని, సన్నగా, చెవిలో మిరపగింజ పడ్డట్టు ఒక కొత్త గొంతు వచ్చింది. అందరం మామ మొహం చూశాం. ఆయన స్విచ్ అటూ ఇటూ నొక్కి, "వానలకు చెక్క నెమ్మెక్కుంటాది" అన్నాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. విచిత్రమేమిటంటే జనానికి ఆ కీచు గొంతే నచ్చింది. పెళ్లి ఊరేగింపులో, టపాసుల మోతలో కూడా అది విడిగా వినబడేది. "ఆ కీచు గిటారోళ్లనే పిలిపీయప్పా" అని జమ్మలమడుగు నుంచి ముద్దనూరు దాకా కబురు చేసేవారు. మామ పిల్లలు ఆ గొంతుకే నిద్రపోయారు, ఆ గొంతుకే లేచారు. అత్త మాత్రం ఒక్కోసారి తలుపు దగ్గర ఆగి, ఇంకేదో వినబడుతుందేమోనని చూస్తున్నట్టు వినేది.

తరువాత ఆర్కెస్ట్రాలు పోయాయి. మామ జమ్మలమడుగులో విత్తనాల అంగడి పెట్టుకుని అక్కడే ఇల్లు కట్టాడు. ఏటా విజయదశమికి మాత్రం కంబళి విప్పి ఒక పాట వాయించేవాడు. పోయినేడాది దసరాకు గిటార్ అసలు పలకనే లేదు. కీచు గొంతు కూడా పోయింది. అప్పుడు మొదలైంది ఇంట్లో అసలు పంచాయితీ.

మామ కూతురిని చేసుకున్న అల్లుడిది బెంగుళూరులో ఉద్యోగం. చాలా మంచి పిల్లవాడు, ఒక్కటే లోపం, ఫోన్లో వీడియోలు చూసి ప్రతిదాంట్లో పండితుడవుతాడు. "మామా, ఇట్లాంటి పాతవాటికి ఒక్క స్క్రూ గూడా తిప్పకూడదు. ఎట్లుండేది అట్లే అద్దాల పెట్టెలో పెట్టాల. లోపల చెయ్యి పెడితే దాని పాతదనం పోతాది" అని ఆయన వాదన. గిటార్‌ను కంబళిలో చుట్టి ఉంచడం చూసి ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు. అత్త వాదన పూర్తిగా వేరు. రంగు వేయించాలి, తీగలు మార్పించాలి, లోపల ఏం పోయిందో అది కొత్తది పెట్టించాలి. "పలకనిదానికి బొట్టు పెడితే అది పనిముట్టా, పటమా? నాకు ఆ మొదటి గొంతు కావాల. పోయేలోపల ఒక్కసారన్నా వింటా" అంది. నన్ను తీర్పరిగా పిలిపించారు. నేను మామ వైపు చూశాను. ఒకప్పుడు వాయించకుండా ఒక్క రోజు ఉండలేని మనిషి కదా, అత్త పక్షమే అనుకున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అల్లుడు చెప్పేదే బాగుంది. యాడన్నా పెట్టి ఊరికే ఉండండి. విప్పద్దు" అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. అత్తకు కోపం వచ్చింది. కోపమొస్తే ఆమె మాట్లాడదు, బయలుదేరుతుంది. గిటార్‌ను కంబళిలో చుట్టి తెచ్చి అల్లుడి కారు ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పులివెందుల నా పుట్టిల్లు. భాయ్ దగ్గరికి పోతాండా. వచ్చేటోళ్లు రండి." అల్లుడు కారు తీశాడు, మిగతావాళ్లం వెనక సీట్లో ఇరుక్కున్నాం.

దారిలో అరటితోటలు, చీనీ బత్తాయి తోటలు దాటి ఊళ్లోకి వచ్చాక మామ, "భాయ్‌కి కండ్లు సరిగా కనపడవంట" అన్నాడు. భాయ్ అంగడి ముందు కూర్చుని మమ్మల్ని వీధి చివరే గుర్తుపట్టి కేకేశాడు. ఆయన కొడుకు కువైట్‌లో ఉన్నాడు. అంగడిలో ఇప్పుడు ముందంతా ఫోన్ కవర్లు, వెనకంతా పాత రేడియోలు. గిటార్‌ను చూడగానే రెండు చేతులా అందుకుని, తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు కాసేపు గుండెకు పెట్టుకున్నాడు. అల్లుడు రంగు తీయొద్దని, పసుపు మరకలు తుడవొద్దని చెబుతూ ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టాడు. భాయ్ స్క్రూలు విప్పి మూత ఎత్తాడు. స్విచ్ చుట్టూ నల్లగా ఎండిపోయిన పీచు. పీచు చివర ఒక చింతగింజ.

అత్త కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. తడిగుడ్డ కథ ఇన్నేళ్లకు ముగిసిపోయిందనుకుని నేను నేల చూపులు చూస్తుంటే భాయ్ ఒక్కసారిగా పకపకా నవ్వాడు. "అరే, ఇది ఇంకా ఈడనే ఉందా!"

మామకు దగ్గు వచ్చింది. అంత పెద్ద దగ్గు నేనెప్పుడూ వినలేదు. అత్త తలెత్తింది. "ఇంకా అంటే ఏంది భాయ్?"

"నాకేమన్నా కొత్తనా వదినా? ఆ దసరా అయినాక రెండో రోజే మీ ఆయన దీన్ని నా కాడికి తెచ్చె. విప్పి చూస్తి. చింతపండు పులుపుకు స్విచ్ పట్టేసింది, ఒక పక్కనే పలుకుతాంది. ఇంకో పెట్టె బిల్కుల్ బాగుంది. టీ తాగేలోపల బాగుచేస్తానప్పా అంటి. వద్దు, మూత మూసేయ్ అనె. ఎందుకని నేను అడగలా, ఆయన చెప్పలా."

అందరం మామ వైపు తిరిగాం. ఆయన చాలాసేపు ఒక ఫోన్ కవర్‌ను తిప్పి తిప్పి చూశాడు. చివరికి ఆ కవర్‌తోనే చెప్పాడు. "తడిగుడ్డతో తుడిచినా అంటివి. మా నాయన, మా అమ్మ, ఇంటినిండా జనం. బాగుచేపించుకోని వస్తే నీ మాట అబద్ధమయ్యేది గదే. కొత్తగా వచ్చినావు. పోనీలే అనుకుంటి."

అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి వెనకే కోపం వచ్చింది. "నా మాట నిలబెట్టేదానికి ఆ కీచు గొంతు ఇన్నేండ్లు నా చెవుల్లో పోస్తివా! నేను మొత్తం చెడగొడితినని లోపల లోపల ఎంత కుమిలిపోతి! ఒక్కమాట అడిగుంటే చెప్పనా?"

"అడిగితే మళ్లా తడిగుడ్డే అంటావు" అన్నాడు మామ. అత్తకు నవ్వాగలేదు. ఏడుస్తూ, నవ్వుతూ, కొంగుతో ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. మేమంతా నవ్వాం. భాయ్ అంగడికి వచ్చిన ఒకాయన ఎందుకో తెలియకుండానే మాతో పాటు నవ్వాడు.

"తియ్యి భాయ్ అది" అంది అత్త. భాయ్ పీచు తీసి, స్విచ్ శుభ్రం చేసి, లోపల ఊడిపోయిన కరెంటు తీగ అతికించాడు. అప్పటిదాకా ఒక్క స్క్రూ తిప్పొద్దన్న అల్లుడు చేయి చాపి, "ఆ గింజ మాత్రం పారేయొద్దండి, నాకీయండి" అని జేబురుమాలులో మూటకట్టుకున్నాడు. రంగు ముట్టుకోలేదు, పసుపు మరకలు అలాగే ఉన్నాయి. నేను ఇవ్వాల్సిన తీర్పు ఎవరికీ గుర్తు లేదు.

మామ స్టూలు మీద కూర్చుని, గిటార్‌ను భాయ్ ఆంప్లిఫయర్‌కు తగిలించి, స్విచ్ రెండో పక్కకు వేసి తీగ మీటాడు. అదేనన్నమాట ఆ గొంతు. ఎనిమిదేళ్ల వయసులో లడ్డూల మధ్య విన్నానో లేదో నాకు జ్ఞాపకం లేదు గానీ, ఒళ్లు పులకరించింది. అత్త కళ్లు మూసుకుంది. పాట సగంలో ఆమె పెదవులు, "ఇదే, ఇదే" అంటున్నాయి. వీధిలో ఆటో ఒకటి ఆగింది. పాట అయిపోయాక కూడా ఆమె కాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి, "ఇప్పుడు ఆ పక్కకు వెయ్యి" అంది.

"అది కీచు గొంతు గదే. ఇప్పుడే గదా తిడితివి?"

"తిడితే తిడితి. ఇది విని నిన్ను చేసుకుంటి, అది విని నీతో కాపురం చేస్తి. నాకు రెండూ కావాల."

మామ స్విచ్ వేశాడు. ఆ కీచు గొంతుకు భాయ్ అంగడిలో పాత రేడియోలు కూడా అదిరాయి.

ఈ ఏడు నా బిందెలు తోమడం అయ్యాక జమ్మలమడుగు నుంచి అత్త ఫోన్ చేసింది. పండగ సంగతులన్నీ చెప్పి, చివర్లో నేను అడగకుండానే, "పాపా, గిటార్‌ను ఈసారి పొడిగుడ్డతోనే తుడిచినా" అంది. వెనక నుంచి మామ దగ్గు వినబడింది. కాలం గడిచిపోయిందని ఊరికే అంటుంటాం గానీ, అందులో కొంత ఎక్కడికీ పోదు. మన మీద ప్రేమ ఉన్నవాళ్లెవరో మూత బిగించి, ఏమీ ఎరగనట్టు పక్కనే కూర్చుని ఉంటారు.