ఎడమవైపు పైపు

మా మేనత్త ఇరవై ఏడేళ్ళుగా బస్సుల్లో మనుషులు పట్టుకుని నిలబడే కడ్డీలు చేస్తోంది. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఆమెని అందరూ పైపులక్క అంటారు. మెట్ల పక్కన నిటారుగా ఉండేది, సీటు వెనక వంపు తిరిగేది, డ్రైవరు వెనక అడ్డంగా ఉండేది, అన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. బస్సు ఎంత కుదిపినా కడ్డీ కదలకూడదు, కదిలితే పట్టుకున్నవాడి గుండె జారుతుంది, అనేది. పూర్తయిన ప్రతి కడ్డీనీ రెండు చేతులా పట్టుకుని ఒళ్ళు బరువంతా వేసి ఊపి చూశాకే పక్కకి జరిగేది.

అలాంటి మనిషి ఇప్పుడు బస్సు ఎక్కలేకపోయింది.

షెడ్డులో నిచ్చెన మీదనుంచి జారి పడింది. కుడి మోకాలు నుజ్జయింది. డాక్టరు లోపల లోహపు పట్టీ వేసి బోల్టులు బిగించాడు. నాలుగు నెలలయ్యాక, "ఇక వంగేది ఇంతే," అని తేల్చేశాడు. ఇంతే అంటే, ఆమె కుర్చీలో కూర్చుంటే ఆ కాలు ఎదురుగా కూర్చున్నవాళ్ళ దాకా వెళ్ళేది. నడవగలదు, ఎంతసేపైనా నిలబడగలదు. బస్సు దగ్గర మాత్రం, ఎడమ కాలు మెట్టు మీద పెట్టి కుడి కాలు లాక్కునేలోపు బండి కదిలిపోయేది.

షెడ్డు యజమాని చెడ్డవాడేం కాదు. "వచ్చే సోమవారం ఎనిమిదింటికి నీ అంతట నువ్వు వచ్చి నిలబడు, నీ పని నీదే. లేదంటే ఇంకొకరిని పెట్టుకోక తప్పదక్కా," అని కబురు పంపాడు. షెడ్డు ఆరు కిలోమీటర్ల దూరం. మధ్యలో పెద్ద వంతెన.

ఇంట్లో మోటారు సైకిలు ఉంది. గొడవంతా దాని గురించే.

ఆ బండి మా అత్తయ్య కంటే నాలుగేళ్ళు పెద్దది. ఒకే సిలిండరు. షెడ్డు వెనక తుప్పు పట్టి పడివుంటే తెచ్చుకుని, రెండేళ్ళు ఒక్కో మరా విప్పి బాగు చేసుకుంది. ఇంట్లో అందరం దాన్ని తాత అంటాం. తాత ఓ పట్టాన నిద్ర లేవడు. లేచాడంటే వీధంతా లేవాల్సిందే. చిక్కల్లా ఏమిటంటే తాత పొగగొట్టం కుడివైపు. ఇంజను ముందునుంచి వంపు తిరిగి కిందికి దిగి, కుడి పాదం పక్కనుంచి వెనక్కి వెళుతుంది. వంగని కాలు చాపుకోవాలంటే పాదం ముందుకి పెట్టాలి. సరిగ్గా ఆ చోటునే పైపు ఉంది. బండి వేడెక్కాక దాని మీద నీటి చుక్క పడితే చుయ్యిమని ఎగిరిపోతుంది.

మా నాన్న ఆమెకి తమ్ముడు. దర్జీ. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. అక్క పడిన రోజు రెండు చేతుల మీద ఆసుపత్రిలోకి మోసుకెళ్ళింది ఆయనే.

"పాత బండ్లు పోగుచేసే ఆయన ఒకాయన ఉన్నాడక్కా. ఆదివారం వస్తానన్నాడు. ఇచ్చేద్దాం. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో," అన్నాడు.

"కూర్చోవడమే కదరా నావల్ల కానిది," అంది అత్తయ్య, చాచిన కాలు చూపిస్తూ.

"వేళాకోళం వద్దు. కాలు కాలుతుంది, ఉలిక్కిపడతావు, బండితో సహా పడతావు. ఇంకోసారి మొయ్యడం నావల్ల కాదు."

"నిచ్చెన పడేస్తే బండి మీద కోపమేంట్రా? పైపుని ఎడమవైపుకి తిప్పేస్తా. అయిపోతుంది."

"అది బస్సు కడ్డీ కాదక్కా."

"పైపు పైపేరా. లోపల గాలి పోతోందో పొగ పోతోందో దానికేం తెలుసు?"

ఈ మాట అన్నందుకు వారం తిరక్కముందే నాలుక కరుచుకుంది. అప్పటికైతే ఒప్పందం చేసేసింది. ఆదివారం ఆ కొనే ఆయన కళ్ళ ముందే వంతెన దాటి తిరిగొస్తుంది. కాలు కాలిందా, ఆయన బండి తోలుకుపోవచ్చు. కాలలేదా, నాన్న జేబులో పెట్టుకున్న బండి రిజిస్ట్రేషను పుస్తకం మళ్ళీ బీరువాలోకి వెళ్ళాలి.

"సరే. కానీ కాలలేదని నువ్వు చెప్తే నమ్మను," అన్నాడు నాన్న. "ఎముక విరిగి కూడా బెణికిందన్నదానివి."

గడువుకి సరిగ్గా వారం ముందు, సోమవారం సాయంత్రానికల్లా కాలు పెట్టుకునే కడ్డీని ముందుకి జరిపింది. పాతకాలపు బండి కదా, గేరు కుడికాలి వైపే; ఆ గేరు రాడ్డుకి ఇనప బద్ద అతికి పొడుగు చేసింది. కాలు వంగకపోయినా పాదం ఆడుతుంది, గేరు వెయ్యడానికి అది చాలు. బండికి కుడిపక్కన నిలబడి ఎడమ కాలితో కిక్కు కొట్టడం ఒక పూటలో అలవాటు చేసుకుంది.

ఇక పైపు. పాతది విప్పి గోడకి తగిలించి, కొత్త గొట్టంతో మొదలుపెట్టింది. ముందు ఒక లావుపాటి తీగని వంచి దారి చూసుకుంది. ఇంజను ముందునుంచి దిగాలి, అడుగున ఎడమకి తిరగాలి, బ్రేకుకి తగలకూడదు, స్టాండుకి తగలకూడదు, రోడ్డు మీద ఎత్తులకి రాసుకోకూడదు. తీగ నాలుగుసార్లు విరిగింది. అయిదో తీగ ఒప్పుకుంది.

పైపుని ఉత్తగా వంచితే వంపు దగ్గర చప్పిడి ముక్కులా నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక కూరాలి. ఆ ఇసుకని ముందు మూకుడులో వేసి ఎర్రగా వేయించింది.

"అది నా మూకుడు వదినా!" అంది మా అమ్మ.

"ఇసుకలో ఒక్క చుక్క తడి ఉన్నా లోపల ఆవిరి పుట్టి, బిరడా తుపాకీ గుండులా లేస్తుంది. మూకుడు కావాలా, నేను కావాలా?"

అమ్మ కాసేపు ఆలోచించినట్టు నటించి, "సరే, ఉంచుకో," అంది.

పైపు నిండా ఇసుక పోసి, చెక్క సుత్తితో తట్టి తట్టి, చప్పుడు మొద్దుబారాక రెండు చివర్లా చెక్క బిరడాలు దిగ్గొట్టింది. గ్యాసు మంటతో ఎర్రబడేదాకా కాల్చి, చెక్క దిమ్మకి ఆనించి, మీద వాలి నెమ్మదిగా వంచింది. బుధవారం ఒక వంపు, గురువారం రెండు. సైలెన్సరు డబ్బా రేకుతో చుట్టి, లోపల చిల్లుల గొట్టం పెట్టింది. శుక్రవారం పొద్దున్న అన్నీ బండికి అతికి, ముందొకచోట, వెనకొకచోట ఫ్రేముకి పట్టీలు వెల్డింగు చేసింది. తర్వాత అలవాటు ప్రకారం రెండు చేతులా పట్టుకుని ఊపింది. పైపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆమె మొహం వెలిగిపోయింది.

తాత లేచాడు. మెత్తటి గొంతుతో, గంభీరంగా. అత్తయ్య వీధి చివరి దాకా వెళ్ళింది, మలుపు తిరిగింది, వంతెన వైపు సాగింది. పది నిమిషాలకి తాత తిరిగొస్తుంటే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. రేకుల డబ్బాలో రాళ్ళు పోసి దొర్లించినట్టుంది చప్పుడు. ఇంజనులోంచి పైపు బయటికొచ్చే మెడ దగ్గర, చుట్టూ గాజు పగిలినట్టు చీలిక.

నాన్న కుట్టు ఆపి చూసి, జేబులో బండి పుస్తకం తడుముకుని మళ్ళీ కుట్టుకున్నాడు.

సాయంత్రం ఆ మెడ మీద ఇంకో పొర మందంగా వెల్డింగు వేసింది. శనివారం పొద్దున్నే బండిని స్టాండు మీద నిలబెట్టి నడిపింది. ఎనిమిది నిమిషాలు. మళ్ళీ అక్కడే చీలింది.

అత్తయ్య కాలు చాపుకుని ఎత్తు పీట మీద కూర్చుంది. పగిలిన పైపు మొత్తుకుంటూనే ఉంది. ఒక అరచెయ్యి ఇంజను అడుగున, ఒక అరచెయ్యి ఫ్రేము మీద ఆనించి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఒకే సిలిండరు కదా, లోపల పెట్రోలు పేలిన ప్రతిసారీ ఇంజను ఒక తీరున అదురుతోంది, ఫ్రేము ఇంకో తీరున అదురుతోంది. మధ్యలో ఆమె పైపు ఇద్దరి చేతులూ పట్టుకుని నలుగుతోంది.

బండి ఆపేసింది.

"ఇరవై ఏడేళ్ళూ కదలకుండా బిగించడమే నేర్చుకున్నా," అంది, ఎవరితోనో తెలియకుండా. "దీన్ని కదలనివ్వాలి."

కోత యంత్రం తీసుకుని తన వెల్డింగుని తనే కోసేసింది. అంత అందమైన అతుకు ఆమె ఎప్పుడూ వెయ్యలేదని షెడ్డువాళ్ళైతే ప్రమాణం చేసేవాళ్ళు. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూరి కాస్త జారేలా మెడని రెండు ముక్కలుగా చేసి, చెరో పక్కా గట్టి స్ప్రింగు తగిలించింది. ఫ్రేముకి వేసిన పట్టీలు పీకేసి, బస్సు తలుపు కొట్టుకోకుండా పెట్టే రబ్బరు దిమ్మలు పనిముట్ల పెట్టెలోంచి తీసి, పైపుని వాటికి వేలాడదీసింది.

నాన్న వచ్చి సైలెన్సరు తోక పట్టుకుని కదిపి చూశాడు. "ఏంటక్కా, ఊగుతోంది?"

"ఊగాలిరా."

"పుట్టినప్పట్నుంచీ ఊగకూడదనే కదా చెప్పావు?"

"అది బస్సు. ఇది తాత. ముసలాడి చెయ్యి మెల్లగా పట్టుకోవాలి గానీ, బిగించి పట్టుకుంటే విరుగుతుంది."

ఆదివారం పది గంటలకి బండి కొనే ఆయన వచ్చాడు. టోపీ తీసి, తాత చుట్టూ ఒకసారి తిరిగి, "అయ్యయ్యో, పైపు మార్చేశారే!" అన్నాడు, ఎవరో పోయినట్టు.

నాన్న కొట్టులోంచి తెల్లటి సుద్దముక్క తెచ్చాడు. అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ప్యాంటు మీద మోకాలి కింద నుంచి చీలమండ దాకా అంగుళానికో గీత చొప్పున గీశాడు. కుడి కాలికి పన్నెండు, ఎడమ కాలికి పన్నెండు.

"కొలతలేంట్రా? కొత్త ప్యాంటు కుడతావా?"

"ముందు ఇది మిగలనీ. ఇది మైనం సుద్ద. ఇస్త్రీ పెట్టె దగ్గరికొస్తే చాలు, గీత మాయమవుతుంది. నువ్వు అబద్ధం చెప్తావు గానీ ఇది చెప్పదు."

మూడో కిక్కుకి తాత లేచాడు. అత్తయ్య కుడి కాలు ముందుకి చాపి, వీధి దాటి మలుపులో కనబడకుండా పోయింది. నాన్న మిషను ముందు కూర్చుని గబగబా తొక్కడం మొదలుపెట్టాడు. సూదిలో దారం లేదు. కొనే ఆయన చూశాడు గానీ మర్యాదకి ఊరుకున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. తర్వాత పాతిక. అప్పుడు మలుపు అవతలనుంచి మెత్తగా, తాళం తప్పకుండా ఆ చప్పుడు వినిపించింది. నాన్న కాలు ఆగింది.

ఆమె బండి దిగకముందే కింద కూర్చుని కుడి కాలి గీతలు వేలితో లెక్కపెట్టాడు. పన్నెండూ తెల్లగా ఉన్నాయి. ఎడమవైపుకి వచ్చాడు. పిక్క దగ్గర రెండు గీతలు లేవు.

"చూశారా," అన్నాడు కొనే ఆయన.

"కాస్త సెగ తగిలింది. కాలలేదు," అంది అత్తయ్య.

నాన్న ఆమె మొహం చూడలేదు. ప్యాంటు పైకి జరిపి, ఇస్త్రీ పెట్టె వేడి చూసినట్టు చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకభాగం పిక్కకి ఆనించాడు. ఇంకోసారి ఆనించాడు. చర్మం కందలేదు.

"సెగ సెగేనండీ. ఇవాళ గీత పోయింది, రేపు..." అన్నాడు కొనే ఆయన.

"మా అక్క కాలు సంగతి నేను చూసుకుంటానండీ," అన్నాడు నాన్న. లేచి, జేబులోంచి బండి పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది.

ఆ పెద్దమనిషి కాసేపు టోపీ తిప్పుకుంటూ నిలబడి, గోడకి వేలాడుతున్న పాత పైపు చూశాడు. "పోనీ అదైనా ఇస్తారా? ఇలాంటి బండే ఇంకోటి ఉంది నా దగ్గర. దానికి పైపు లేదు."

అత్తయ్య కుంటుకుంటూ వెళ్ళి, పైపు దింపి, దుమ్ము తుడిచి ఆయన చేతుల్లో పెట్టింది.

"మళ్ళీ కావాల్సొస్తే?" అన్నాడు గుమ్మంలోంచి నాన్న.

"ఎందుకు కావాల్సొస్తుంది? నా కాలు ఇక వంగదు. దాని పైపు ఇక ఇటు తిరగదు."

సాయంత్రం నాన్న ఆ ప్యాంటు అడిగి తీసుకున్నాడు. రెండు గీతలు మాయమైన చోట మందపాటి కాన్వాసు గుడ్డ రెండు మడతలు వేసి కుట్టాడు. ఈసారి సూదిలో దారం ఉంది.

సోమవారం ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుండగానే తాత షెడ్డు గేటులో దగ్గాడట. యజమాని బండి చుట్టూ తిరిగి చూసి, వంగి, సైలెన్సరు మీద చెయ్యి వెయ్యబోతూ అన్నాడట, "పైపులక్కా, నువ్వు బిగించినదేనా ఇది? ఊగుతోందేంటి?"

"చెయ్యి తియ్యి బాబూ, కాలుతుంది," అంది మా అత్తయ్య. అని లోపలికి వెళ్ళిపోయింది, అక్కడ ఊగకూడనివి చాలా ఉన్నాయి కాబట్టి.