జాహ్నవికి బేరియం పట్టించిన రోజు

కరోనా రెండో వేవ్ తగ్గిన ఏడాది. నేను రేపల్లె నుంచి రోజూ పొద్దుటి రైలెక్కి తెనాలి వెళ్లి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అప్పటికి ఆ గదిలో నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చే రేడియాలజిస్టు మాత్రం నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో అమ్మాయ్" అనేవారు. నాకు నలభై నాలుగేళ్లు. ఆయన నాకంటే చిన్నవారు.

ఆ రోజు బేరియం స్వాలోకి ఐదేళ్ల పిల్ల వచ్చింది. పేరు జాహ్నవి. వాళ్లది పేరాల ఊళ్లో నూలుకు రంగులు వేసే ఇల్లు. రంగు కలపడానికి కాస్టిక్ సోడా నీళ్లు కావాలి. మిగిలిన నీళ్లను కూల్‌డ్రింకు సీసాలో పోసి మగ్గం గుంట పక్కన పెట్టారు. పిల్ల ఒక గుక్క తాగింది. వాంతి చేయించాలని ఇరుగుపొరుగువాళ్లు ఉప్పునీళ్లు పట్టారు. దిగేటప్పుడు కాల్చిన సోడా పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాల్చింది. నెలన్నరకి అన్నవాహిక సన్నబడి, పాలు కూడా కష్టంగా దిగే స్థితికి వచ్చింది. ఎక్కడ, ఎంత సన్నబడిందో తెలిస్తే గానీ వెడల్పు చేయడం కుదరదని బాపట్లలో చూసిన డాక్టరు మా దగ్గరికి పంపారు.

బేరియం స్వాలో అంటే సుద్దనీళ్లలాంటి మందు తాగిస్తూ, అది గొంతులోంచి కడుపులోకి దిగే దారిని ఎక్స్‌రే తెరమీద చూడటం. దీనికి మత్తు పనికిరాదు. మత్తులో ఉన్న పిల్ల మింగదు. మెలకువగా ఉండి, తనంతట తాను మింగాలి. పిల్లల విషయంలో కష్టమంతా అక్కడే.

తల్లి నాగమణి ఇంటినుంచే స్పూను తెచ్చుకుంది. "అక్కా, దీంతో అయితే తాగుద్దండి. కొంచెం పోసి ఆగాలి. గ్లాసుతో పట్టిస్తే పొలమారుద్దండి" అంది. ఆ మాట మా రేడియాలజిస్టుకి చెప్పాను. బేరియం బదులు నీళ్లలా ఉండే అయోడిన్ మందు వాడదామా అని కూడా అడిగాను. ఊపిరితిత్తుల్లోకి పోయినా దానితో హాని తక్కువ. ఆయన తల ఎత్తలేదు.

"ఎక్స్‌రే తీసేదానివి. పిల్లల డాక్టరువి ఎప్పుడయ్యావు?"

తర్వాత తల్లివైపు తిరిగి, "సోడా సీసా పిల్లకి అందేలా పెట్టింది మీరు. జాగ్రత్తలు మాకు చెప్తున్నారా?" అన్నారు. నాగమణి స్పూను సంచిలో పెట్టేసింది. బయట ఇంకా చాలామంది ఉన్నారని, పట్టుకుని పోసేయమని ఆయన నాతో చెప్పారు.

పట్టుకుని పోయడం మా పనిలో పాత అలవాటు. ఒకరు చేతులు, ఒకరు కాళ్లు. ఇంకొకరు ముక్కు మూస్తే పిల్ల ఊపిరి కోసం నోరు తెరుస్తుంది. అప్పుడు పోస్తారు. మా ఆసుపత్రి ఆయా పిల్ల చేతులు పట్టుకుంది. తల్లికి ఎక్స్‌రే తగలకుండా లెడ్ ఏప్రన్ తొడిగి కాళ్లు పట్టించారు. ముక్కు మూసింది నేను. గ్లాసు వంచిందీ నేనే.

తెరమీద మందు గుండె ఎత్తులో ఆగిపోయింది. దాని కింద దారమంత గీత. పైన నిండింది. నిండి, పొంగి, ఊపిరిగొట్టంలోకి మళ్లింది. కుడి ఊపిరితిత్తిలో కొమ్మలు కొమ్మలుగా మందు కనిపించింది. పిల్ల పెదాలు నీలం తిరిగాయి.

సక్షన్ గొట్టంతో మందు లాగేసి, ఆక్సిజన్ పెట్టి గుంటూరు పంపారు. న్యుమోనియా. వెడల్పు చేసే చికిత్స రెండు నెలలు వెనక్కి పోయింది. ఆలోగా ఆ సన్నని దారి దాదాపు మూసుకుపోయింది. పొట్టకి రంధ్రం చేసి ట్యూబుతో పాలు పోశారు.

నేను యాజమాన్యానికి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. నెల తర్వాత ఒక్క వాక్యం జవాబు వచ్చింది, మందు పట్టించింది టెక్నీషియనే అని. మళ్లీ రాశాను. ఇంకోసారి రాశాను. ఆయన మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను. కానీ ఆ జవాబులో అబద్ధం లేదు. ఆయన మాటకి నాకు రోషం వచ్చింది. నా పని నాకు ఎంత బాగా వచ్చో చూపిద్దామని గబగబా పోశాను. ఆ సంగతి మూడు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

మరుసటి ఏడాది, వెడల్పు చేశాక ఎలా ఉందో చూడటానికి జాహ్నవిని మళ్లీ తెచ్చారు. నన్ను చూసి ఏడవలేదు. తనే బల్ల ఎక్కి పడుకుంది. రెండు వేళ్లతో తన ముక్కు తానే మూసుకుని నోరు తెరిచింది.

"చెయ్యి తీసెయ్యమ్మా. ఎవరూ ఏం చెయ్యరు" అన్నాను.

"తీస్తే మీరు మూస్తారుగా" అంది.

స్పూను నాగమణికే ఇచ్చాను. ఆ పరీక్షకి ముప్పావుగంట పట్టింది. అదే రేడియాలజిస్టు రెండుసార్లు విసుక్కున్నారు. నేను తొందరపడలేదు. పిల్ల ఎలా తాగుతుందో పెంచేవాళ్లకి తెలుసు. ఎలా దిగుతుందో చూడటం వరకే మన పని. ఆ తర్వాత నా గదిలో ఏ పిల్ల ముక్కూ ఎవరూ మూయలేదు. జాహ్నవి మాత్రం ఆ రోజు చివరి స్పూను దాకా చెయ్యి తీయలేదు.