పెద్దమ్మ ఉంచుకున్న చుట్టం

మా పెద్దమ్మ పోయిన నెలలో ఒక గురువారం పొద్దున చనిపోయింది. నిద్రలోనే పోయిందట. ఆమె కొడుకు, అంటే మా అన్న, ఫోన్ చేసి "అమ్మ పోయిందే" అని చాలాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పెట్టేసే ముందు ముక్కు చీదుకుని, "మరి సుట్టాన్ని ఏం జేద్దామే?" అన్నాడు.

చుట్టం అంటే మనిషి కాదు. గుజరాత్‌లో మేముండే ఊళ్ళోనే, లింబాయత్ పేటలో పెద్దమ్మ ఇంటి డాబా మీద, నీలం డ్రమ్ములో ఏళ్ళ తరబడి ఉంటున్న తాబేలు. చెవుల దగ్గర ఎర్రటి చారలుండే విదేశీ తాబేలు. దుకాణాల్లో రూపాయి బిళ్ళంత పిల్లల్ని అమ్ముతారు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొంటారు. అది పళ్ళెమంత అయ్యేసరికి ఎవరికీ కలిసిరాదు. పైవాటాలో అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని బకెట్లో వదిలేసి పోయారు. పెద్దమ్మ కిందికి తెచ్చుకుంది.

అప్పుడు నేను జువాలజీ చదువుతున్నాను. వన్యప్రాణుల్ని కాపాడే ఒక సంఘంలో కొత్తగా చేరి, నాకు తెలియనిది లేదనుకునే రోజులు. పెద్దమ్మ తాబేలును సంచీలో వేసుకుని తాపీ నదిలో వదలడానికి బయలుదేరుతుంటే గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను. ఇది మన దేశపుది కాదు, నదిలో మన తాబేళ్ళ తిండి తినేస్తుంది, వాటి చోటు ఆక్రమిస్తుంది, రోగాలు అంటిస్తుంది అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"మరి యాడికి పోవాలె అది?" అంది పెద్దమ్మ.

మా సంఘం పెద్దాయన మాటే నేనూ అప్పజెప్పాను. నొప్పి తెలియకుండా ప్రాణం తీసే సూది వేయించడమే మేలని.

పెద్దమ్మ సంచీ కింద పెట్టింది. "మీ తాత సిరిసిల్లకెళ్లి నెత్తిన మూట వెట్టుకోని ఈ ఊర్ల దిగిండు. ఇక్కడోళ్ళ సాంచెల మీదనే బట్ట నేసిండు. ఆయనకు ఎవలన్న సూదేసిన్రానే?"

"మనుషులకూ తాబేళ్ళకూ పోలికేంది పెద్దమ్మా" అని గట్టిగానే అరిచాను. ఇప్పటికీ ఆ మాట తప్పనుకోను. కానీ ఆ రోజు నా గొంతులో ఉన్న పొగరు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

రెండు రోజులకు తాబేలు సంగతి తెలిసి ఇంకో సంఘం నుంచి ఒక గుజరాతీ అమ్మాయి వచ్చింది. వీధి కుక్కల పుళ్ళకు తన చేత్తో మందు రాసే మనిషి. సూది మాట వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆంటీ, ఇస్కో భీ ఆజాదీ చాహియే నా", దీనికీ స్వేచ్ఛ కావాలి కదా అంటూ, ఊరి బయట జోల్వా వైపు ఒక చెరువుందనీ, ఇలాంటివాటిని అక్కడే వదులుతామనీ చెప్పింది. నేనూ ఆమే పెద్దమ్మ గదిలో చీరల కట్టల మధ్య కూర్చుని గంటసేపు వాదించుకున్నాం. నువ్వు హంతకురాలివి అని ఆమె, నువ్వు మూర్ఖురాలివి అని నేను. పెద్దమ్మ కూలికి తెచ్చిన చీర అంచుకు జిగురుతో తళుకురాళ్ళు అంటిస్తూ అంతా విన్నది. చాయ్ మాత్రం ఇద్దరికీ ఇచ్చింది.

మర్నాడు నన్ను పిలిచి, "ఆ చెరువు నాకు జూపియ్యి" అంది. ఆటోలో తీసుకెళ్ళాను. నీళ్ళ మధ్య ఒక బండ, దాని మీద ఎర్ర చెవులవి నాలుగైదు ఎండ కాగుతున్నాయి. మన చెరువు తాబేలు చిన్నదొకటి ఎక్కబోయింది. చోటు లేక నీళ్ళలోకి జారింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. పెద్దమ్మ గట్టు మీద చెప్పులు విడిచి కూర్చుని మధ్యాహ్నం దాకా అదే చూసింది. లేచేటప్పుడు మోకాలు పట్టుకుని అంది: "నువ్వు జెప్పింది నిజమేనే. నీ సూదే నిజం గాదు."

తిరుగు ఆటోలో ఇంకో మాట కూడా అంది. "ఒకరేమో సంపుమంటరు, ఒకరేమో వదులుమంటరు. ఉంచుకుంట అనేటోళ్ళు ఒక్కరు లేరు."

అలా ఉంచుకుంది. మిల్లు నుంచి వచ్చిన పాత డ్రమ్మును అన్నతో అడ్డంగా కోయించి, నెల రోజులు కడిగి ఎండబెట్టింది. ఎక్కి కూర్చోవడానికి రెండు ఇటుకలు వేసింది. మూడు రోజులకోసారి నీళ్ళు మార్చడం, బకెట్లతో మెట్లెక్కడం, తీసిన నీళ్ళు కరివేపాకు కుండీకి పోయడం. సాయంత్రం స్టీలు గ్లాసుతో డ్రమ్ము అంచు మీద మూడుసార్లు కొట్టేది. అది మెడ చాచి పైకొచ్చేది. "తిన్నవా సుట్టమా" అని ఆకుకూర వేసేది. ఏ పెళ్ళికి పోయినా మూడో రోజుకు బస్సెక్కేది. మా గృహప్రవేశం నాడు భోజనాలు కాకముందే బయలుదేరితే, అమ్మ ఏడాది పాటు మూతి ముడుచుకుంది. ఎవరికైనా అప్పగించి రావచ్చుగా అంటే, "ఎవలన్న మాయజేసి వదిలేస్తరు" అనేది. పెద్దమ్మకు జైలు సూపరింటెండెంట్ అని పేరు పెట్టింది నేనే.

ఆదివారాలు మాత్రం చుట్టానికి షికారు. దాన్ని తట్టలో పెట్టుకుని, అక్వేరియం దుకాణానికి పోయి కౌంటర్ మీద పెట్టేది. పిల్లలతో వచ్చినవాళ్ళకు తన హిందీలో, "దేఖో, ఇత్నా బడా హోతా. మేరే ఘర్ మే జగా నై అబ్" అని, ఇది ఇంత పెద్దదవుతుందనీ, ఇంట్లో ఇక చోటు లేదనీ చెప్పేది. దుకాణంవాడు ఆమె సందు మలుపు తిరగడం చూస్తే సగం షట్టర్ దించేవాడు. కొన్నాళ్ళకు తాబేళ్ళు అమ్మడమే మానేశాడు.

మా సంఘం పెద్దాయన ఒకసారి ఈ సంగతి విని నవ్వలేదు. "వందల తాబేళ్ళకు వందల మంది పెద్దమ్మలు ఎక్కడ దొరుకుతారమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న మోసుకెళ్ళి పెద్దమ్మకు చెబితే, "వందల సంగతి నాకేం ఎరుక బిడ్డా. నా గుమ్మంలకు వచ్చింది ఒకటే గద" అంది.

దినాలయ్యాక డాబా మీద అన్న, నేను ఆ డ్రమ్ము పక్కన నిలబడ్డాం. అన్నకు పన్నెండు గంటల డ్యూటీ, వదినకు చంటిపిల్ల. ఫోన్ చేస్తే మా పెద్దాయన సూది ఏర్పాటు చేస్తారు. ఆ గుజరాతీ అమ్మాయి ఇప్పుడు నాకు మంచి స్నేహితురాలు, చెరువుకు తీసుకెళ్తుంది. రెండూ ఒక్క ఫోన్ దూరం. భేస్తాన్‌లో మా ఇంటి బాల్కనీ ఇద్దరు నిలబడితే ఇరుకు. చుట్టానికింకా ఇరవై ఏళ్ళ ఆయుష్షు ఉండొచ్చని చదువుకున్నదాన్ని. భయమేసింది. నేను పెద్దమ్మను కాను.

అయినా చుట్టాన్ని తట్టలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. ఖాడీ కాలువ వంతెన మీద డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఇధర్ హీ ఛోడ్ దో, దీదీ" అని, ఇక్కడే వదిలేస్తే పుణ్యమన్నట్టు నీళ్ళ వైపు చెయ్యి ఊపాడు. "నహీ భయ్యా, ఘర్ కా హై" అన్నాను, మా ఇంటిదని.

నాలుగు రోజులు అది ఏమీ తినలేదు. నిన్న సాయంత్రం, అన్న తెచ్చి మా బాల్కనీలో పెట్టిన డ్రమ్ము అంచు మీద పెద్దమ్మ గ్లాసుతో మళ్ళీ కొట్టాను. మూడోసారికి మెల్లగా మెడ చాచి పైకొచ్చింది. చేతిలోని ఆకు వైపు చూడలేదు. నన్ను దాటి, నా వెనక తలుపు వైపు మెడ చాచి చూస్తూ ఉండిపోయింది. అడ్డం ఎందుకని నేను పక్కకు జరిగాను.