స్పామ్‌లో పడేసిన మేస్త్రీగారు

మా బైండింగు మేస్త్రీగారు ముప్పై ఏడేళ్లు లైబ్రరీ కింది గదిలో పనిచేశారు. ఆ గది సగం నేలలోకి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ల కాళ్లే తప్ప మొహాలు కనిపించవు. చెప్పుల్ని బట్టి మనిషిని పోల్చుకోవడం అక్కడ పనిచేసే అందరికీ అబ్బిన విద్య. చిరిగిన పుస్తకాలు పైనుంచి దిగుతాయి. ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాల కట్టలు, విడదీసి, మళ్లీ కుట్టి, జిగురు పట్టించి, అట్ట కట్టి పైకి పంపుతాం. చదివేవాళ్లకు మేం గుర్తొచ్చేది పేజీ ఊడినప్పుడే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మేస్త్రీగారి నోరు అంత మంచిదేమీ కాదు. నన్ను పనిలోకి తీసుకున్న మొదటిరోజే "హడావిడి" అని పేరు పెట్టారు. జిగురు ఆరకముందే పుస్తకం తెరిచి చూస్తాననీ, కాలు కాలిన పిల్లిలా తిరుగుతాననీ ఆయన బాధ. తిట్టేముందు ఒకసారి దగ్గేవారు. ఆ దగ్గు వినబడితే చాలు, గదిలో నలుగురమూ చేతిలో పని ఆపి, ఎవరి మీద పడుతుందోనని ఎదురుచూసేవాళ్లం. తిట్టిన అరగంటకు తనే వచ్చి పక్కన కూర్చుని, సూది అందుకుని, ఎలా కుట్టాలో చూపించేవారు. నా చేతిలో ఉన్న పనంతా అలా తిట్లతో కలిపి వచ్చిందే.

ఆయనకు ఒక నియమం ఉండేది. ప్రతి పుస్తకంలోనూ చేయాల్సిన పని చీటీ మీద రాసి పెట్టాలి, ఒక చీటీ మీద ఒకే మాట ఉండాలి. "వెన్ను మార్చాలి" ఒక చీటీ. "ఎర్ర గుడ్డ వాడాలి" ఇంకో చీటీ. రెండు మాటలు ఒకే చీటీ మీద రాస్తే మొదటిది చేసి రెండోది మింగేస్తామని ఆయనకు గట్టి నమ్మకం. మా మీద నమ్మకం లేకపోవడమే ఆ నమ్మకం. కొన్ని పుస్తకాలు పన్నెండు చీటీలతో, ఈకలు రేగిన కోడిలా వచ్చి బల్ల మీద పడేవి.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన గొంతులో రాచపుండని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. కోడలు ఆయన ఫోనులో మెయిలు పెట్టి, తెలుగులో టైపు చేయడం నేర్పింది. మొదటిరోజు నాకు ఏడు ఉత్తరాలు వచ్చాయి.

"అమ్మాయ్."

"నేనే."

"గొంతు తీసేశారు."

"నొప్పి లేదు."

"కుట్లు బాగా వేశారు."

"మనకన్నా దగ్గరగా."

"జిగురు డబ్బాకి మూత పెట్టారా?"

ఒక్కో మాటకి ఒక్కో ఉత్తరం. చీటీల అలవాటు చేతిలోంచి ఫోనులోకి పాకింది. నేను ఏడుస్తూ నవ్వాను. వెంటనే ఆయన అడ్రసును నా మెయిలులో "మా మేస్త్రీగారు" అని దాచుకున్నాను.

ఆ ప్రేమ రెండు నెలలు నిలిచింది. నిజం దాచి ఏం లాభం? ఏడు కాస్తా ఇరవై అయ్యాయి, ఇరవై కాస్తా నలభై. మా గదిలో ఉన్నది ఒకటే కంప్యూటరు. ఉత్తరం వచ్చినప్పుడల్లా అది టింగుమంటుంది. "మేస్త్రీగారు దగ్గారు!" అని పక్కబల్ల నుంచి జిగురక్క నవ్వేది. జిగురు కలపడం ఆవిడ పని, నాకన్నా పదేళ్లు పెద్దది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత తర్వాత ఆ టింగు వింటే ఒళ్లు మండేది. ముప్పై మంది పాఠకుల ఫిర్యాదులు, పైనుంచి వచ్చిన పుస్తకాల జాబితాలు ఆ నలభై ఉత్తరాల కింద ఎక్కడో మునిగి ఉండేవి. జవాబు రాయడం ఎప్పుడో మానేశాను. చదవడమూ మానేశాను.

ఒకరోజు పై ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చారు. ఆవిడకి జాబితా చూపిద్దామని మెయిలు తెరిచాను. మా కళ్లముందే వరసగా మూడు ఉత్తరాలు పైకి తేలాయి.

"నువ్వు మూడో ముడి వదులుగా వేస్తావు."

"ఎప్పటినుంచో చెబుదామనుకుంటున్నా."

"కుర్చీలో కూర్చున్నాక ఎవరూ చెప్పరు."

"ఎవరమ్మా ఈయన? మీ పైవాళ్లా?" అని అడిగారు ఆఫీసరమ్మ నవ్వుతూ. గదిలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగానే మూడో ముడి వదులుగా వేస్తాను. ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆవిడ మెట్లెక్కగానే ఆయన ఉత్తరాలన్నిటికీ టిక్కులు పెట్టి, "స్పామ్" అన్న బొత్తాం నొక్కాను. "మీ ఫిర్యాదు అందింది" అని వచ్చింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే కొత్తవి పదకొండు, ఎప్పటి చోటే కూర్చుని ఉన్నాయి. మళ్లీ నొక్కాను. ఆ మర్నాడు మళ్లీ వచ్చాయి. మెయిలులోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాను, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను, పైఅంతస్తులోని ఇంకో కంప్యూటరు నుంచీ నొక్కి చూశాను. వారం రోజులు ఇదే తంతు. చివరికి వైర్ల బాబాయికి కబురుపెట్టాను.

వైర్ల బాబాయి అంటే లైబ్రరీ కంప్యూటర్లు చూసే ఆయన. మెడలో ఎప్పుడూ ఏదో ఒక వైరు వేలాడుతూ ఉంటుంది. నెమ్మదస్తుడు. ఏది చూసినా పైకి చదివే అలవాటు ఒక్కటే ఆయనతో చిక్కు.

"ఏంటమ్మాయ్ సమస్య?"

"స్పామ్ అని ఎన్నిసార్లు చెప్పినా ఉత్తరాలు ఆగట్లేదు బాబాయ్. బొత్తాం పనిచేయట్లేదు."

ఆయన కుర్చీలో సర్దుకుని అటూ ఇటూ నొక్కారు. "బొత్తాం బాగానే ఉంది. నీ ఫిర్యాదులూ వెళ్తున్నాయి. మరి ఎందుకు... ఓహో!" అని అద్దాలు పైకి తోసుకున్నారు. "ఈ అడ్రసు నీ పరిచయస్తుల జాబితాలో ఉందమ్మా. 'మా మేస్త్రీగారు' అని నువ్వే రాసుకున్నావు. నా మనిషి అని నువ్వే చెప్పి, చెత్త అని మళ్లీ నువ్వే చెబితే, పాపం మిషను ఎవరి మాట వినాలి?"

జిగురక్క కుంచె గిన్నెలోనే ఆగిపోయింది. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఆ సిగ్గు ఒక పూటతో పోయేది. నేను నోరు తెరిచి అబద్ధం ఆడాను.

"అది ఆయన కాదు బాబాయ్. ఎవరో దొంగలు ఆయన అకౌంటులో దూరి పంపుతున్నారు."

బాబాయి ఒక ఉత్తరం తెరిచి పైకి చదివారు. "'చలికాలంలో జిగురులో మరిగిన నీళ్లు పొయ్యకండి.' ఇంకోటి, 'గోరువెచ్చనివి పొయ్యండి.' దొంగలు జిగురు గురించి చెబుతారా అమ్మాయ్?"

"మొదట అలాగే నమ్మిస్తారు. తర్వాత డబ్బు అడుగుతారు," అన్నాను. నా చెవులు కాలిపోతున్నాయి.

ఆయన నా వైపు ఒక క్షణం చూశారు. పద్ధతి ప్రకారం నడిచే మనిషి, గది పెద్దను నేను. జాబితాలోంచి పేరు తీసేశారు. దొంగ అకౌంటని చెప్పాను కాబట్టి లైబ్రరీలో ఎవరికీ ఆ అడ్రసు నుంచి ఉత్తరం రాకుండా ఆపేశారు. టింగు ఆగింది. జిగురక్క ఆ సాయంత్రం నాతో మాట్లాడకుండానే ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత నేను మాత్రం మూడు వారాలు ప్రశాంతంగా పనిచేసుకున్నాను. చెప్పుకోవడానికి ఇదే అన్నిటికన్నా సిగ్గుగా ఉంది, నిజంగానే ప్రశాంతంగా ఉన్నాను.

ఒక మధ్యాహ్నం కిటికీలో ఆయన చెప్పులు కనిపించాయి. ఎడమ మడమ అరిగిన చెప్పులు. మెట్ల దగ్గర చాలాసేపు ఆగి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగారు. మనిషి సగమయ్యారు. గొంతుకి తెల్లటి గుడ్డ కట్టుకున్నారు. అందరికీ చేయెత్తి పలకరించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, రాసి నాకు చూపించారు.

"నా ఉత్తరాలు తిరిగొస్తున్నాయి. ఏం తప్పు చేశానో చూడు."

"అయ్యో, అలాగా మేస్త్రీగారూ? కూర్చోండి, చూద్దాం," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆయన ఫోను తీసుకున్నాను. "పాస్‌వర్డు తప్పేమో, మళ్లీ కొట్టండి," అన్నాను. వణికే వేలితో ఒక్కో అక్షరమూ కొట్టారు. "ఇంకోసారి." మళ్లీ కొట్టారు. "ఫోను ఆపి మళ్లీ వేయండి." ఆపి వేశారు. "అడ్రసు మళ్లీ రాయండి." రాశారు. వెనకనుంచి జిగురక్క "ఇంక చాల్లేవే," అంది, మెల్లగానే. ఆ ఒక్క మాట వీపు మీద దెబ్బలా తగిలింది.

ఫోను బల్ల మీద పెట్టేశాను. "మీ తప్పేం లేదు మేస్త్రీగారూ. నేనే ఆపించాను. చెత్త ఉత్తరాలని చెప్పి, దొంగలు పంపుతున్నారని అబద్ధం చెప్పి ఆపించాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. పెన్ను తీసి నింపాదిగా రాశారు. "తెలుసు. తిరిగొచ్చిన ఉత్తరంలో నీ ఫిర్యాదు మీద ఆపారని ఉందట. కోడలు చదివి చెప్పింది."

తెలిసి కూడా, నేను కొట్టమన్నప్పుడల్లా ఆ పాస్‌వర్డు కొట్టారు. నేను చేసిన నాటకమంతా చేయనిచ్చి, నా మొహం చూస్తూ కూర్చున్నారు. నేల చీలితే బాగుండుననిపించింది.

"మరి ఎందుకొచ్చారు ఇంత దూరం? ఈ మెట్లన్నీ దిగి?"

ఈసారి ఆయన తల వంచుకుని రాశారు. నాకు చూపించేటప్పుడు కూడా కళ్లెత్తలేదు. తప్పు చేసిన నేను ఆయన్ని చూడలేకపోతున్నాను సరే, ఆయన కూడా సిగ్గుపడుతున్నారు.

"రోజుకి ఎన్నయితే విసుగు రాదు?"

"ఎన్నయినా రాయండి మేస్త్రీగారూ," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

కాదని తల ఊపారు. "అంకె చెప్పు," అని రాశారు.

చెప్పకూడదు. యాభై అనాలి, వంద అనాలి, ఆ పుస్తకం లాక్కుని చింపెయ్యాలి. కానీ నా బల్ల మీద ఆ రోజు పని కొండలా ఉంది, టింగు శబ్దం అప్పుడే చెవిలో మొదలైంది, నా పాడు నోరు నాకన్నా ముందే లెక్క వేసేసుకుంది.

"ఐదు," అన్నాను.

ఆయన సరేనని తల ఊపి, పుస్తకంలో "5" అని వేసుకుని, కింద గీత గీసుకున్నారు. బేరం కుదిరినట్టు నా భుజం తట్టి, మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే బాబాయికి నిజం చెప్పి, అడ్రసు విడిపించాను. "అప్పుడే అనుకున్నానమ్మా," అన్నారాయన.

ఇప్పుడు రోజూ ఐదు వస్తాయి. కొన్ని రోజులు పది గంటలకల్లా అయిపోతాయి. ఒక్కోసారి ఐదోదానిలో సంగతి సగంలో ఆగుతుంది, మిగతా సగం మర్నాడు పొద్దున మొదటిదానిలో వస్తుంది. అన్నీ చదువుతాను, అన్నిటికీ జవాబు రాస్తాను. లెక్క వద్దు, ఎన్నయినా రాయండని మూడుసార్లు బతిమాలాను. మూడోసారికి జవాబొచ్చింది. "ఐదు అన్నావుగా." దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. ఆ రోజు అది కాక నాలుగే వచ్చాయి.