ద్రాక్షారామానికి రెండు బెల్లం ముక్కలతో

నేను డిగ్రీ పాసయ్యానండి! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఈ కబురు ద్రాక్షారామంలో ఉన్న అమ్మమ్మకి ఎదురుగా నిలబడి చెప్పాలని కొవ్వూరులో పొద్దున్న ఏడింటికి బస్సెక్కాను.

చిక్కల్లా ఒకటే. మావైపు మంచి కబురు చెబితే నోట్లో తీపి పెట్టేస్తారు. నాకేమో వేరుశెనగ పడదు. ఇంటర్ పాసైనప్పుడు అమ్మమ్మ తన చేత్తో లడ్డూ పెట్టింది. అందులో వేరుశెనగ పొడి ఉందని ఎవరికీ తెలీదు. గొంతు మూసుకుపోయి ఆసుపత్రిలో పడ్డాను. అప్పట్నుంచి అమ్మమ్మ నాకు ఒక్క ముద్ద కూడా పెట్టలేదు. ఈసారి ఎలాగైనా పెట్టించుకోవాలని డబ్బాలో బెల్లం ముక్క తెచ్చుకున్నాను. ఇంకో ముక్క విడిగా కవర్లో కట్టాను. ఇలా తిండి పడనివాళ్ళం ఏదైనా రెండు పెట్టుకుంటాం. బ్యాగు ముందు అరలో డాక్టరు గారిచ్చిన ఎమర్జెన్సీ ఇంజెక్షను.

రాజమండ్రిలో దిగి టిఫినుకెళ్ళాను.

"చట్నీ దేంతో చేశారండీ?"

"కొబ్బరండి."

"ఒట్టి కొబ్బరేనా?"

"చిక్కదనానికి కాస్త వేరుశెనగ పడకపోతే ఎలాగండీ?"

మీరూ రెండోసారి అడగండి. నేను అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకి మండపేట మీదుగా రామచంద్రపురం బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఫ్రీ. పక్కావిడ పొట్లం విప్పింది. వేయించిన వేరుశెనగలు! లేచి వెనక సీటుకి పోయాను.

"ఏంటమ్మా, నేనేమన్నా కంపు కొడుతున్నానా?"

"లేదండీ, ఆ గింజలు నాకు పడవండి. అన్నట్టు, నేను డిగ్రీ పాసయ్యానండి!"

"అయ్యో తల్లీ!" అని పొట్లం చుట్టేసింది. ఆ అయ్యో దేనికో తెలీలేదు.

రామచంద్రపురం నుంచి ఆటో, మనిషికి ఇరవై. గుడి గోపురం కనపడేసరికి డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూసుకున్నాను.

అమ్మమ్మ వాకిట్లోనే ఉంది. కబురు చెప్పగానే మొహం వెలిగింది గానీ, డబ్బా మూత తీసేసరికి రెండడుగులు వెనక్కేసింది.

"నా చేత్తో వద్దే. నువ్వే వేసుకో."

అంతలో ఎదురింటి సత్యవతి గారు వచ్చారు. "డిగ్రీయా! ఏదీ, నోరు తెరువు" అంటూ డబ్బాలో బెల్లం తీసి నా పెదాల దాకా తెచ్చారు. ఆవిడ వేళ్ళకి ఎర్రటి పొట్టు! నోరు బిగించి వెనక్కి తగ్గాను.

"ఏంటే, డిగ్రీ వచ్చేసరికి మా చెయ్యి పనికిరాదా?"

అమ్మమ్మ చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకుంది. "ఏం చేస్తూ వచ్చావ్?"

"పచ్చడికి వేరుశెనగలు పొట్టు తీస్తూ..."

"పిల్లని చంపేసేదానివి! వెళ్ళి కడుక్కో!"

పాపం, ఆవిడ ఆ బెల్లాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలీక గుప్పిట్లో పట్టుకుని ఏడుపు మొహం పెట్టారు.

మధ్యాహ్నం పప్పన్నం నా చేత్తోనే తిన్నాను. కవర్లో ఇంకో బెల్లం ముక్క ఉందని చెప్పినా అమ్మమ్మ దూరంగానే కూర్చుంది. చదువు గురించి ఒక్క మాటా అడగలేదు.

నాలుగింటికి నేను చెప్పులేసుకుంటుంటే, అమ్మమ్మ సబ్బుతో మోచేతి దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. కుడిచెయ్యి గాల్లోకెత్తి అలాగే నాతో ఆటోల దాకా నడిచింది. దారిలో ఎవరో "ఎక్కడికి పిన్నీ?" అని దగ్గరికొస్తే, "ముట్టుకోకు!" అని కసిరింది.

ఆటో ఎక్కాక, "ఆ రెండో ముక్క ఇలా తే" అంది. అందుకుని తన చేత్తో నా నోటి దాకా తెచ్చింది. నోరు తెరిచాను.

రామచంద్రపురం దాకా ఇంజెక్షను ఒళ్ళో పెట్టుకుని, నాలుకతో పెదాలు తడుముకుంటూ కూర్చున్నాను. ఈ దారిలో బస్సులకి లోటు లేదండి, పెట్టే చేతులకీ లోటు లేదు. ఆ చేతులంటేనే నాకు భయం. అవి లేకపోతే మాత్రం ఈ ప్రయాణం దేనికి?

బస్సు కదలగానే ఫోను. "గొంతు బాగుందా? దురదేం లేదుగా?"

"లేదమ్మమ్మా."

మండపేట దాటాక మళ్ళీ అవే ప్రశ్నలు. చీకటిపడ్డాక, కొవ్వూరు బస్సు గోదావరి బ్రిడ్జి మీదుండగా మూడోసారి మోగింది.

"బాగానే ఉన్నానమ్మమ్మా!" అన్నాను ముందే.

అవతల పెద్ద ఊపిరి వదిలిన చప్పుడు.

"అయితే ఇప్పుడు చెప్పవే. ఫస్టు క్లాసేనా?"