జైనూర్‌లో ఒకటో మోడ్

జైనూర్ దాటాక ఒక బడిలో దిగాం. ఉదయం ఏడు. మూడు రోజులుగా వాన. సైన్యం పంపిన వరద సహాయ దళంలో నేను సిగ్నల్ హవల్దార్‌ని. సామాను: ఒక జనరేటర్, రెండు చేతి సెట్లు, ఒక లినక్స్ కంప్యూటర్, ఉపగ్రహ లింక్ డబ్బా. చేతి సెట్ మూడు కిలోమీటర్లు దాటదు. పడవల క్యాంపుకు కబురు పోవాలంటే కంప్యూటరే దారి.

అది నడిచే తీరులను మోడ్‌లంటాం. దాన్ని ఐదో మోడ్ నుంచి మూడుకు మార్చాను. ఐదులో బొమ్మలు, మౌస్, అనవసరపు బరువు. మూడులో నల్లటి తెర, అక్షరాలు. ఒక టెర్మినల్‌లో కబుర్లు, ఇంకొకదానిలో లింక్ పరిస్థితి. ఒకటో మోడ్ మరమ్మతుకు. అందులోకి పోవడానికి రూట్ పాస్‌వర్డ్, అంటే యంత్రం మొత్తానికి తాళంచెవి, కావాలి. అది నాకొక్కడికే తెలుసు.

నా కింద పనిచేసే ఆపరేటర్ మా ఊరివాడే, హుజూరాబాద్ పక్క. వాళ్ళ తాత మా గడిలో, అంటే మా దొరల కోటింట్లో, వెట్టి చేశాడు. గడి కూలింది, భూములు పోయాయి. ఇంటి పద్ధతి పోలేదు. గాదె తాళంచెవి మా తాత మొలకే ఉండేది. గాదె తెరిచేటప్పుడు పనివాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి.

"పాస్‌వర్డ్ నాకు గూడ చెప్పు దొరా. నువ్వు లేనప్పుడు పరేషాన్ అయితది."

"నేనుంటాను."

"గడి కూలినా తాళం ఇడువవు గదా!" అని నవ్వాడు.

దిగిన నాలుగో రోజు పదిన్నరకు వాగు చూడడానికి రెండు కిలోమీటర్లు నడిచాను. అవతలి గూడెంలో ఒక డాబా మీద ఏడుగురు చిక్కుకున్నారు. పడవ కోసం క్యాంపుకు కబురు పంపమని సెట్‌లో ఆపరేటర్‌కు చెప్పాను.

"జనరేటర్ బందయి మల్ల లేచింది. డిస్క్ ఖరాబయింది. ఒకటో మోడ్‌ల ఆగి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పు."

"సెట్‌లో చెప్పను. వస్తున్నా."

"గా ఏడుగురి పానాలు దొరా! మనిద్దరం తప్ప గీ సెట్ల ఎవడింటుండు?"

"ఆర్డర్. ముట్టుకోకు."

"ముట్టుకుంటే ఏమొస్తది? తాళం నీ మొలకే ఉన్నదాయె."

మోకాలి లోతు బురద. నలభై నిమిషాలు పట్టింది. నిబంధన పాటిస్తున్నానని దారంతా చెప్పుకున్నాను. అది నిబంధన కాదు.

నేను కీబోర్డు ముందు కూర్చోగానే అతను లేచి గోడవైపు తిరిగాడు. నేను తిరగమనలేదు. పాస్‌వర్డ్ కొట్టాను. డిస్క్ సరిచేసి మూడో మోడ్‌కు తెచ్చాను. పన్నెండూ పదికి కబురు పోయింది.

పడవ చేరడానికి పావుగంట ముందు డాబా ఒక మూల కూలింది. ఆరుగురు వచ్చారు.

సాయంత్రం పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చాను. చూడకుండానే చింపేశాడు.

"నాకొద్దు. నీ మొలకే కట్టుకో."

కొన్నేళ్ళకు పింఛన్‌తో ఊరికి తిరిగొచ్చాను. ఊళ్ళోవాళ్ళు సరిహద్దు గురించి, శత్రువు గురించి అడుగుతారు. చెబుతాను. కళ్ళముందు నిలిచేది మాత్రం సున్నం రాలిన బడి గోడ. దానికి ముక్కు ఆనేంత దగ్గరగా, తడిసిన చొక్కాతో, ఒక వీపు.