తిరుపాలు కారు హీటరు

గిద్దలూరు బస్టాండు దగ్గర తిరుపాలు బాడుగకు తిప్పే పాత కారు ఒకప్పుడు ఊటీలో ఎవరో దొరది. అందులో హీటరు ఉండేది. ఈ ఎండల్లో హీటరేందని అందరూ నవ్వేవాళ్లు. ఇంజను నుంచి దానికి వేడినీళ్లు తెచ్చే రబ్బరు గొట్టం చిల్లిపడి కాళ్ల మీద వేడినీళ్లు కారుతుంటే, కొత్తది కొనలేక, తిరుపాలు ఆ గొట్టాన్ని ఊడదీసి సీటు కింద పడేశాడు. నీళ్లు కారకుండా ఇంజను దగ్గర చెక్కబిరడా కొట్టాడు. పొట్టి మనిషి. చేతులు శుభ్రంగా ఉన్నా గుడ్డతో తుడుచుకుంటూనే మాట్లాడేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు, పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున, కొమరోలు వైపు గొర్రెలు కాసుకునే పుల్లమ్మ నెలలు నిండకుండా పుట్టిన మనవరాలిని కొంగులో చుట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి బయలుదేరారు. నల్లమల చలికి బిడ్డ పెదవులు నీలంగా మారాయి.

"నాయనా, వణికేది గూడా మానుకొనింది" అంది పుల్లమ్మ.

తిరుపాలు అడవిలోనే కారు ఆపాడు. పాత సైకిలు ట్యూబు చీల్చి గొట్టం చిల్లికి చుట్టి, చేతులు బొబ్బలెక్కుతున్నా దాన్ని మళ్లీ ఇంజనుకు బిగించాడు. కాసేపటికి వెచ్చని గాలి వచ్చింది.

"వచ్చిందమ్మా! బిడ్డను దగ్గరగా పట్టుకో."

కొంత దూరం పోయాక పుల్లమ్మ బిడ్డ పాదాలు తడిమి, "కాళ్లు వెచ్చబడినాయి నాయనా" అంది సంతోషంగా.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, బిడ్డ పోయి గంటయిందన్నాడు.

"ఒళ్లు వెచ్చగుంది గదయ్యా" అంది పుల్లమ్మ.

తిరుగు దారిలో ఆమె బిడ్డను ఆ గాలికే పట్టుకుని కూర్చుంది. ఎండ ముదిరి చెమటలు కారుతున్నా, తిరుపాలు హీటరు ఆపలేదు.